పెరట్లో మూడు పొయ్యిలు

“నాన్నా, మీరే చెప్పండి. వీటిలో ఏది ఉంచమంటారు, ఏది తీసెయ్యమంటారు?”

గత వేసవిలో టెక్సస్ రాష్ట్రంలోని మా అబ్బాయి ఇంటికి వెళ్లిన రెండో రోజే నాకు ఎదురైన ప్రశ్న ఇది. డాలస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్లో వాళ్లుంటారు. ఇంటి వెనక చెక్క కంచె, దాని మధ్య చిన్న పెరడు. ఆ పెరట్లో, వంటింటి తలుపు పక్కనే, గుడ్డలు కప్పిన మూడు ఆకారాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రయాణ బడలికలో నాకవి స్కూటర్లేమో అనిపించింది. గుడ్డలు తీస్తే మూడూ పొయ్యిలే! ఆరుబయట మాంసం, చేపలు, కూరగాయలు కాల్చుకునే పొయ్యిలు. వాటిని అక్కడ గ్రిల్లులంటారు. ఒకటి బొగ్గులది, ఒకటి గ్యాసుది, మూడోది కరెంటు సాయంతో చెక్కపొట్టు గుళికలను మండించుకునేది. ఆ మూడోది కొని నెలరోజులైంది. కొత్తది వచ్చింది సరే, పాతవి రెండింటినీ ఏం చెయ్యాలన్నది ఆ ఇంట్లో నెలరోజులుగా నలుగుతున్న తగవు.

“మామయ్యగారూ, కొత్తది కొనేటప్పుడు పాతవి రెండూ తీసేస్తానన్నారు. వచ్చాక ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగం చెబుతున్నారు. పిల్లలు సైకిలు తిప్పుకోవడానికి చోటు లేదు” అన్నది కోడలి ఫిర్యాదు. మా వాడి సమాధానం మా వాడి దగ్గరుంది. ముప్ఫయ్యేళ్ల పరిచర్యలో భార్యాభర్తల తగవులు, పొలం గట్ల తగవులు, ఆఖరుకు గుళ్లో కుర్చీల తగవులు కూడా తీర్చాను గానీ పొయ్యిల తగవు నా దగ్గరికి రావడం అదే మొదలు.

నవ్వుకోకండి. కొత్త మిక్సీ కొన్నాక పాతది అటక మీద పెట్టని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? కొత్త ఫోను కొన్నాక పాతది సొరుగులో దాచనివారు ఎంతమంది? ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అన్న మాట మన ఇళ్లలో ఎంత పాతదో అమెరికాలోని మన పిల్లల ఇళ్లలోనూ అంతే పాతది.

తీర్పు చెప్పేముందు సాక్షుల్ని విచారించాలి గనుక ఆ పొయ్యిల సంగతి తెలుసుకోవాలనుకున్నాను. బొగ్గుల పొయ్యి చూడడానికి మన కుంపటికి మూత పెట్టి, మూడు కాళ్లు తగిలించినట్టుంటుంది. 1952లో షికాగోలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. నీళ్ల మీద తేలే బోయాలను, అంటే ఓడలకు దారి చూపే లోహపు గోళాలను, ఆ కర్మాగారంలో చేసేవారు. తెరిచి ఉండే పొయ్యి మీద గాలికి, వానకు మాంసం సరిగా కాలక విసిగిపోయిన ఆ మనిషి అలాంటి గోళాన్ని రెండుగా కోసి, కింది చిప్పలో బొగ్గులు, పైచిప్ప మూతగా అమర్చి, గాలి ఆడడానికి చిల్లులు పెట్టాడు. అంతే, అమెరికా పెరళ్లన్నిటికీ ఆ గుండ్రటి పొయ్యి పాకిపోయింది. అందులో వేసే బొగ్గు బిళ్లల కథ మరీ చిత్రం. హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టి కార్లకు చెక్క భాగాలు చేయించగా మిగిలిన ముక్కలు, పొట్టు చూసి ఊరుకోలేక 1920లలో మిషిగన్ రాష్ట్రంలో వాటిని బొగ్గు చేయించి, పిండిలాంటి జిగురుతో బిళ్లలుగా ఒత్తించాడు. వాటిని కార్ల దుకాణాల్లోనే అమ్మించాడు! మిగిలినదాన్ని పారెయ్యకుండా పనికి తెచ్చిన బుద్ధి అందులో ఉంది, ఒకటి కొన్నవాడితో మరొకటి కొనిపించే నేర్పూ ఉంది. రెండోదాని వారసులే ఈనాటి మన దుకాణాలనిపించింది నాకు.

గ్యాసు పొయ్యి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన వంటింటి పొయ్యికి చక్రాలు, మూత పెట్టినదే. మనకు 14.2 కిలోల గ్యాస్ బండ అయితే వాళ్లకు పెరటి పొయ్యి కింద తొమ్మిది కిలోలది. మూడోదాన్ని మాత్రం చూడాల్సిందే. ఆరెగాన్ రాష్ట్రంలో జో ట్రేగర్ అనే ఆయన 1980లలో తెచ్చిన పద్ధతి అది. పక్కనున్న డబ్బాలో చెక్కపొట్టుతో ఒత్తిన గుళికలు పోస్తాం. చిన్న మోటారు తిప్పే మరలాంటి కడ్డీ వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఫ్యాను ఊదుతుంది. వేడి ఎంత ఉండాలో అంకె నొక్కితే అంతే ఉంచుతుంది. మా వాడు రాత్రి పదిగంటలకు ఎద్దు మాంసపు పెద్ద ముక్క ఒకటి అందులో పెట్టి, 107 డిగ్రీలకు అంకె నొక్కి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న పదింటికి ఇంకా కాలుతూనే ఉంది! మధ్యాహ్నం తింటే ముద్దపప్పులా నోట్లో కరిగింది. పొయ్యి దగ్గర రాత్రంతా మేలుకునే మనిషి పని యంత్రం చేసింది.

మరి పాతవెందుకు అని మా వాణ్ణి అడిగితే సమాధానం తడుముకోకుండా వచ్చింది. కొత్తది నిదానంగా కాల్చడానికి సాటిలేనిది గానీ, సెగ మీద చురుక్కున కాల్చి పైన ఎర్రగా పొర కట్టించాలంటే బొగ్గే కావాలట. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చి పిల్లలకు నాలుగు కోడిముక్కలు కాల్చాలంటే పది నిమిషాల్లో వేడెక్కే గ్యాసే కావాలట. అందులో అబద్ధమేమీ లేదు. వంట తెలిసినవాళ్లెవరూ అతని మాట కాదనరు. చిక్కల్లా అక్కడే ఉంది. అక్కరలేనిదాన్ని దాచుకోవడం తప్పని చెప్పడం నాకు తేలిక. ప్రతిదానికీ ఒక అక్కర చూపించగలిగేవాడికి ఏం చెప్పాలి?

వాక్యం తెరవబోయాను. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్న బాప్తిస్మమిచ్చు యోహాను బోధ (లూకా 3వ అధ్యాయం) నాలుక చివరే ఉంది. కొట్లు చాలక పాతవి పడగొట్టి పెద్దవి కట్టుకోదలచిన ధనవంతుడి ఉపమానమూ (లూకా 12వ అధ్యాయం) సిద్ధంగానే ఉంది. అయితే అప్పుడే నాకొక సంగతి తట్టింది. ఆ ధనవంతుడు పాతదాన్ని దాచుకోవాలనుకోలేదు, పడగొట్టాలనుకున్నాడు! లెక్కకు ఒక్క పొయ్యి మాత్రమే ఉంచుకోదలచినవాడతను. ప్రభువు అతణ్ణి వెర్రివాడన్నది కొట్ల సంఖ్య చూసి కాదు. ఆ ఉపమానం మళ్లీ చదవండి. అతను మాట్లాడేదంతా తనతో తానే. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణం. పొలంలో కోసిన కూలీలు లేరు, భార్యాబిడ్డలు లేరు, గుమ్మంలో నిలబడ్డ పేదవాడు లేడు. ఇంకొక మనిషి అడుగు పెట్టని మాటలవి. కాబట్టి ‘ఎన్ని ఉన్నాయి’ అని మొదలుపెట్టడం తప్పు ప్రశ్నేమో అనిపించి, నోరు మూసుకున్నాను.

నోరు మూసుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. మా అమ్మ.

మా ఇంటికి గ్యాసు కనెక్షన్ వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటిదాకా మా ఇంట్లో ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక బొగ్గుల కుంపటి ఉండేవి. గ్యాసు వచ్చిన వారంలోనే అమ్మ స్టవ్వును శుభ్రంగా తోమి, కొత్త వత్తులు వేసి, మా వీధి చివర అప్పుడే కాపురం పెట్టిన రిక్షా అతని భార్యకు ఇచ్చేసింది. కుంపటిని మాత్రం ఇవ్వలేదు. అది పాతదే, అంచు విరిగినదే. నాన్నగారు రెండు మూడుసార్లు పారెయ్యమన్నా వినలేదు. ఆ రోజుల్లో గ్యాస్ బండ అయిపోతే మళ్లీ రావడానికి వారాలు పట్టేది. ఒక క్రిస్మస్ ముందు రోజు బండ అయిపోయి, ఇంటినిండా చుట్టాలుండగా, అరిసెల పాకం ఆ కుంపటి మీదే పట్టింది. అదొక్కటే కాదు. ఎండుచేపలు కాల్చాలంటే కుంపటే. వీధిలో ఏ ఇంట్లో పురుడొచ్చినా పసిబిడ్డకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ వెయ్యడానికి నిప్పులు మా ఇంటి నుంచే వెళ్లేవి. “స్టవ్వెందుకు ఇచ్చావమ్మా, కుంపటెందుకు ఇవ్వలేదు?” అని ఒకసారి అడిగాను. “స్టవ్వు ఆ అమ్మాయికి లేదురా. కుంపటి ఇస్తే ఈ వీధికి ఉండదు” అంది.

పది మాటల్లేవు అందులో. నేను వేదాంత కళాశాలలో చదివిన నాలుగేళ్లలో ఆస్తి గురించి ఇంత కురచగా చెప్పిన ఉపాధ్యాయుణ్ణి చూడలేదు.

ఇక మా వాడి కుంపటి సంగతికొస్తాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుఫాను ముంచెత్తింది. ఆ నెల 16న డాలస్‌లో చలి సున్నాకు 19 డిగ్రీల దిగువకు పడిపోయింది. రాష్ట్రమంతటా 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ తుఫాను వల్ల 246 మంది చనిపోయారని ఆ తరువాత రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. మా వాళ్ల వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. వాళ్లింట్లో వంటపొయ్యి కూడా కరెంటుదే. మా మనవరాలికి అప్పుడు పది నెలలు. పెరట్లో మంచులో కూరుకుపోయిన బొగ్గుల పొయ్యిని మా వాడు పారతో తవ్వి తీసి, దాని మీద పాలు కాచాడు, అన్నం వండాడు. ఆ పొగ చూసి అటు ఇంటివాళ్లు, ఇటు ఇంటివాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చారట. ఫోనులో ఆ కబురు విని నేనూ మా ఆవిడా ఇక్కడ మోకాళ్ల మీద ఉన్నాం.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. ఆ చలికి తాళలేక బొగ్గుల పొయ్యిని ఇంట్లోకి, కారు షెడ్డులోకి తెచ్చుకొని వెలిగించిన కుటుంబాలు అప్పుడు ఆ రాష్ట్రంలో ఉన్నాయి. బొగ్గు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలా పోయినవారున్నారు. మన దగ్గర కూడా చలికాలంలో గది తలుపులు వేసుకొని కుంపటి పెట్టుకొని పడుకోవడం ఉంది. ఎవరైనా చేస్తుంటే ఈ రోజే మానేయండి. కిటికీ కాస్త తెరిచాం కదా అనుకోవద్దు. నిప్పు బయటే ఉండాలి.

ఆ తుఫాను రోజున ఇప్పటి కొత్త పొయ్యి ఉండి ఉంటే? దాని మోటారుకు కరెంటు కావాలి, ఫ్యానుకు కరెంటు కావాలి. కరెంటు లేకపోతే ఆ ఖరీదైన యంత్రం పెరట్లో నిలబడ్డ ఇనుప పెట్టె. కాబట్టి కరెంటు అక్కరలేని నిప్పు ఒకటి ఆ ఇంట్లో ఉండడం దురాశ కాదని నాకనిపించింది. కోడలు కూడా, “అవును మామయ్యగారూ, ఆ రెండు రోజులు నేను మర్చిపోలేను” అని ఒప్పుకుంది. అంటే ఒకటి ఉండాలి. బొగ్గుదా, గ్యాసుదా?

ఆ మాట పక్కింటి మామ్మగారు తేల్చారు. పక్కింటివాళ్లు తెనాలి వైపువాళ్లు, బొత్తిగా మాంసం ముట్టనివాళ్లు. ఆ ఇంటబ్బాయి వాళ్లమ్మగారు కూడా మాలాగే వేసవికి వచ్చి ఉన్నారు. జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ రోజు వీధి వీధంతా పెరళ్లలో పొగే. మా వాళ్లు పిలిస్తే ఆ కుటుంబం వచ్చింది గానీ, పెరుగన్నం డబ్బా తెచ్చుకొని, ఒక మూల కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. మర్యాదకు నవ్వుతున్నారు, పిల్లలు మాత్రం పొయ్యి వైపే చూస్తున్నారు. అంతకుముందు ఏడాది కూడా ఇంతేనని కోడలు చెప్పింది.

నాకది గుచ్చుకుంది. తాను తినే మాంసం సహోదరుడికి అభ్యంతరమైతే ఇక మాంసమే తిననని పౌలు కొరింథీయులకు రాశాడు. నిజానికి అది విగ్రహాలకు అర్పించిన మాంసం విషయంలో, మనస్సాక్షి బలహీనంగా ఉన్న విశ్వాసి విషయంలో చెప్పిన మాట. శాకాహారి అయిన పొరుగువారి గురించి కాదు, ఆ వాక్యాన్ని లాగి ఇక్కడ అతికించను. అయితే నా హక్కు కంటే పక్కవాడి కంచం ముందు చూడాలన్న మర్యాద అందులో ఉంది. మా వాడి పెరట్లో మూడు పొయ్యిలున్నాయి. మూడింట్లో ఒక్కటి కూడా ఆ పక్కింటి పిల్లలకు ఒక మొక్కజొన్న పొత్తు కాల్చి ఇవ్వడానికి పనికిరాలేదు. మూడింటికీ మూడు ఉద్యోగాలు చెప్పిన మా వాడికి ఈ ఉద్యోగం తట్టలేదు. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నాకూ తట్టలేదు.

మర్నాడు సాయంత్రం కంచె దగ్గర మామ్మగారు కనబడితే నేనే మొహమాటం విడిచి అడిగాను. “అమ్మా, మా బొగ్గుల పొయ్యిని బాగా తోమించి, పైన కొత్త ఇనుప జల్లెడ వేయిస్తే, మీ పిల్లలు దాని మీద కాల్చినవి తింటారా? తినకూడదంటే నొచ్చుకోను.” ఆవిడ కాసేపు ఆలోచించారు. “నిప్పుకు అంటేమిటండీ మాస్టారూ? జల్లెడ వేరైతే చాలు. అయితే అది ఎప్పటికీ వేరుగానే ఉండాలి” అన్నారు. అందరూ అలాగే అంటారని కాదు. జల్లెడ మారినా వద్దనేవారు కూడా ఉంటారు, వారి మాటకూ అంతే గౌరవం ఇవ్వాలి. అందుకే మనం ఊహించుకోకుండా అడగడం మంచిది.

కొత్త జల్లెడ వచ్చింది. కోడలు దానికి ఎర్రదారం కట్టి, గుడ్డసంచిలో వేసి, వంటింట్లో మేకుకు తగిలించింది. ఆ శనివారం మొదట పొత్తులు, వంకాయలు, పనీరు కాలాయి. ఉప్పూకారం, నిమ్మచెక్క మామ్మగారే తెచ్చారు. సముద్రపు ఒడ్డున బండి దగ్గర తిన్న రుచి అని ఆవిడ మూడుసార్లు అన్నారు. బొగ్గుల పొయ్యి అలా నిలిచింది. మా వాడి స్టీకుల కోసం నిలవలేదు, అయినా అవి కూడా తరువాత దాని మీద పాత జల్లెడతోనే కాలుతున్నాయి, అది వేరే సంగతి!

మిగిలింది గ్యాసు పొయ్యి. ఎనిమిదేళ్ల పాతది. “డాలస్ పక్క ఊళ్లలో మన తెలుగు విద్యార్థులు బోలెడుమంది ఉన్నారు, ఎవరికైనా ఇచ్చేద్దాం” అన్నాడు మా వాడు. మంచి ఆలోచనే. కానీ వాళ్లుండేది అపార్టుమెంట్లలో. అక్కడ చాలా నగరాల అగ్నిమాపక నియమాల ప్రకారం చెక్క బాల్కనీల్లో, గోడకు పది అడుగుల లోపున ఇలాంటి పొయ్యి వెలిగించకూడదు. ఆ పిల్లలకు దాన్నిస్తే ఇచ్చింది పొయ్యి కాదు, జరిమానా. పుచ్చుకునేవాడి ఇల్లు చూడకుండా ఇచ్చేది దానం కాదు, మన బరువు దించుకోవడం.

పైగా అసలది పనిచేస్తోందా? మామూలుగా మనం ఇచ్చే పాత వస్తువుల్లో ఎన్ని పనిచేస్తాయి? ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ల క్రితం మా సంఘానికి కొత్త మైకు సెట్టు కొన్నాం. పాత ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు బాగానే ఉన్నాయి. ఆ నెలలోనే, మాకు ముప్ఫయి కిలోమీటర్ల దూరంలోని పల్లెలో పరిచర్య చేసే తమ్ముడొకాయన బస్సులో వచ్చి, “అయ్యగారూ, పాత సెట్టు మాకిప్పిస్తారా? మా రేకుల షెడ్డులో వాన పడితే వెనకవాళ్లకు వాక్యం వినబడడం లేదు” అని అడిగాడు. “కొత్తది ఎలా పనిచేస్తుందో చూద్దాం, వచ్చే నెల మాట్లాడదాం” అన్నాను. పెద్దలతో మాట్లాడాలన్నాను. ఆ వచ్చే నెల రెండేళ్లకు వచ్చింది. ఇచ్చిన రోజు ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు గర్వంగా కూడా అనిపించింది. పది రోజులకు ఆయన అదే దుప్పట్లో చుట్టి అదే బస్సులో వెనక్కి తెచ్చాడు. స్పీకర్ల లోపలి అట్ట ఎలుకలు కొట్టేశాయి, ఆంప్లిఫయరు తీగలు కూడా. ఫిర్యాదు చెయ్యలేదు. “మీ సామాను కదా అయ్యగారూ, మీకే అప్పగిద్దామని” అన్నాడంతే. చిమ్మెట, తుప్పు గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానో ఆయనకు తెలుసు. వాటిలో రెండు మూడు ఆయన పల్లెలోనే చేశాను, మైకు లేకుండా.

అందుకే మా వాడితో అన్నాను, ఇచ్చేదేదో ఈ వారమే ఇవ్వు, ఇచ్చేముందు వెలిగించి చూడు. ఇద్దరం కలిసి విప్పాం. గ్యాసు గొట్టం మీద సబ్బు నురుగు పూసి వాల్వు కొంచెం తిప్పితే ఒకచోట బుడగలు లేచాయి, అంటే కారుతోంది. నాలుగు బర్నర్లలో ఒకదాని గొట్టం లోపల సాలెగూడు. అది చిన్న విషయం కాదు. గూడు అడ్డుపడితే మంట వెనక్కి తన్నే ప్రమాదముంది. అడుగున పేరుకున్న కొవ్వు ఒక వేలు మందం. ఒకరోజు అది అంటుకుంటే ఆర్పడం మన తరమా? ఇంత ప్రమాదాన్ని గుడ్డ కప్పి, పిల్లలు ఆడుకునే చోట ఏడాదిగా ఉంచారు. కోడలు మాత్రం ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఇచ్చింది. కొత్త గొట్టం, రెగ్యులేటరు కొనడానికి మా వాడు కొంచెం నసిగాడు. ఇచ్చేసేదానికి ఖర్చేమిటని. మా అమ్మ స్టవ్వుకు కొత్త వత్తులు వేసి ఇచ్చిన సంగతి చెప్పాను. ఇంకేం మాట్లాడకుండా కారు తాళాలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం బాగుచేసిన పొయ్యి ముందు కూర్చుని వాళ్లతో యోహాను సువార్త 21వ అధ్యాయం గురించి మాట్లాడాను. ప్రసంగం కాదు, కబుర్లే. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున శిష్యుల కోసం నిప్పులు సిద్ధం చేసి చేపలు కాల్చాడు. రాత్రంతా వల లాగి, ఒళ్లు తడిసి, ఆకలితో వస్తున్న ఏడుగురి కోసం. అక్కడ నిప్పులకు గ్రీకులో వాడిన మాట అంత్రాకియా, బొగ్గుల మంట అని. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండేసార్లు వస్తుంది. రెండూ యోహాను రాసినవే. మొదటిది 18వ అధ్యాయంలో, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట. పేతురు చలి కాచుకుంటూ ఆయనెవరో తనకు తెలియదని చెప్పింది ఆ మంట దగ్గరే. రెండోసారి అలాంటి మంట దగ్గరే పేతురుకు పొద్దుటి భోజనం దొరికింది. ఇక్కడ ఇంకొకటి గమనించాను. చేపలు అప్పటికే కాలుతున్నా, మీరు పట్టినవి కూడా కొన్ని తెండని ప్రభువు వాళ్లను అడిగాడు. పెట్టేవాడు పుచ్చుకునేవాడి చేతిలో ఉన్నదాన్ని కూడా గౌరవించాడు. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మన గడ్డి కోసే ఆయన నిరుడు దీని గురించి అడిగాడు నాన్నా. అమ్మితే చెప్పమన్నాడు” అన్నాడు.

గురువారం ఆయన వచ్చాడు. మెక్సికో నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల ఇళ్లలో గడ్డి కోసే మనిషి. మా వాడు తనకు తెలిసిన నాలుగు స్పానిషు ముక్కలతో, సైగలతో చెప్పాడు. గొట్టం కొత్తది, ఒక బర్నరు మంట మిగతా వాటికంటే సన్నగా వస్తుంది, బండ తేదీ చూసుకో, తేదీ దాటితే నింపరు. ధర అడిగాడాయన. ఊరికేనే అన్నాడు మా వాడు. ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. చివరకు ఆ వారం గడ్డికి డబ్బు తీసుకోనన్నాడాయన. మా వాడు నా వైపు చూశాడు. సరే అనమని తలూపాను. ఆయన ఇంటి పెరట్లో ఆదివారం తన అన్నదమ్ముల కుటుంబాలు పద్దెనిమిది మంది చేరతారని ట్రక్కులోకి ఎక్కిస్తూ చెప్పాడు. ఆ పద్దెనిమిది మందికి మూడు నాలుగు బర్నర్లు చాలవేమో గానీ, ఆయన ముఖం చూస్తే చాలేటట్టే ఉంది.

పొయ్యి వెళ్లిపోయాక సిమెంటు నేల మీద నాలుగు చక్రాల మరకలు మిగిలాయి. మా మనవరాలు సైకిలు తెచ్చి వాటి చుట్టూ తిప్పింది.

ఆగస్టులో ఇంటికి తిరిగివచ్చాను. వచ్చిన మూడో రోజు గుడి వెనక సామాన్ల గది తాళం తీయించాను. కొత్త స్టీలు పళ్లేలు మూడు వందలు కొన్నాక పక్కన పెట్టిన పాత పళ్లేలు, కుర్చీలు వచ్చాక మూలన పడేసిన బల్లలు, పనిచేసే హార్మోనియం ఒకటి, పనిచెయ్యనిది ఒకటి, మైకు స్టాండులు. ఎప్పుడైనా పనికొస్తాయని నేనే పెట్టించినవి. ఒక్కొక్కటీ బయటికి తీయించి, తుడిపించి, పనికిరానివి పాత ఇనుముకు వేయించాను. తరువాత ఆ పల్లె తమ్ముడికి ఫోను చేశాను. మైకు సెట్టు గురించి మళ్లీ మాట్లాడడానికి నాకే మొహం చెల్లలేదు. ఏదైనా కావాలా అని మాత్రం అడిగాను.

“మైకు సెట్టు మొన్న ఈస్టరుకు కొనుక్కున్నాం అయ్యగారూ. స్టాండు ఏమైనా ఉందా? ప్లాస్టిక్ పైపుకు కట్టి నడిపిస్తున్నాం” అన్నాడు.

రెండున్నాయి. ఒకదానికి బిగించే మర లేదని చెప్పాను.

“మరలు మా దగ్గరున్నాయిలెండి. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సుకు వచ్చి పట్టుకెళ్తాను.”

నువ్వు రావద్దు, శనివారం నేనే తెస్తానన్నాను.